తవ్వకంలో దొరికిన స్పెయిన్ వెండి నాణెం – గుర్తించటం ఎలా? విలువ కట్టటం ఎలా?

పాత ఇంటి గోడ కూల్చేటప్పుడో, పునాది తీసేటప్పుడో, చెరువు పూడిక ఎత్తేటప్పుడో ఒక పెద్ద వెండి బిళ్ళ బయటపడుతుంది. దాని మీద అక్షరాలు తెలుగు కావు, కన్నడం కావు, ఉర్దూ కావు. చూస్తే ఇంగ్లీషు అక్షరాల వలె ఉంటాయి కాని చదివితే ఇంగ్లీషు కాదు. ఒక వైపు ఎవరో రాజు ముఖం, లేదా రెండు స్తంభాల బొమ్మ. తూచితే మన పాత విక్టోరియా రూపాయి కంటే రెండింతలకు మించి బరువు. ఊరిలో ఒకరు అది పోర్చుగీసువారిదంటారు, మరొకరు మహిమ గల బిళ్ళ అంటారు, వేరొకరు వెండి ధరకు కరిగించుకోమని సలహా ఇస్తారు.

ఇటువంటి బిళ్ళలలో కొన్ని స్పెయిన్ సామ్రాజ్యపు టంకసాలలలో తయారైన 'ఎనిమిది రియాళ్ళ' నాణేలు. వీటినే స్పానిష్ డాలర్లు అంటారు. వీటిలో కొన్నింటి ధర వెండి ధర కంటే కొద్దిగానే ఎక్కువ. కొన్నింటిది అనేక రెట్లు ఎక్కువ. అచ్చంగా ఇలాగే కనిపించే నకిలీలు కూడా విరివిగా ఉన్నాయి. ఈ మూడింటి మధ్య తేడా తెలియక అమ్ముకొని నష్టపోయేవారు ఒకరు, కొని మోసపోయేవారు ఒకరు, చట్టం తెలియక చిక్కులలో పడేవారు ఒకరు. అందువలన నాణెం చేతికి వచ్చిన క్షణం నుండి ఏమి చేయాలో, దానిని ఎలా చదవాలో, విలువ ఎలా అంచనా వేయాలో, ప్రభుత్వానికి ఎప్పుడు తెలపాలో క్రమంగా వివరిస్తున్నాము.

అసలు ఈ నాణెం కథ

స్పెయిన్‌లో రియాలు అనే వెండి నాణేనికి 1497లో అక్కడి రాజదంపతులు ఒక స్థిరమైన ప్రమాణం ఏర్పరచారు. ఎనిమిది రియాళ్ళను కలిపి ఒకే పెద్ద నాణెంగా ముద్రించినదే ఎనిమిది రియాళ్ళ బిళ్ళ. అమెరికా ఖండాలలో స్పెయిన్‌వారు రాజ్యాలు ఆక్రమించుకున్న తరువాత ఈ నాణెం లోకమంతటా పాకింది. ఇప్పటి బొలీవియా దేశంలో ఉన్న పొటోసి కొండలో 1545లో వెండి బయటపడింది. మెక్సికోలో కూడా గొప్ప గనులు దొరికాయి. మెక్సికో నగరంలో టంకసాలకు 1535లో అనుమతి లభించింది. పొటోసిలో 1570ల దశకంలో టంకసాల పని మొదలైంది. ఆ గనులలో స్థానిక ఆదివాసులను వంతుల చొప్పున నిర్బంధంగా పనికి తోలేవారు. ఆ కొండలో ప్రాణాలు కోల్పోయినవారు ఎందరో. మన చేతిలోని తళుకు వెనుక ఆ చరిత్ర కూడా ఉన్నది.

బరువు, వన్నె నమ్మకంగా ఉండటం వలన ఈ నాణేన్ని చైనా నుండి యూరపు దాకా వర్తకులందరూ అంగీకరించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1792లో తమ డాలరును ఏర్పరచుకొన్నప్పుడు దీనినే ఆధారంగా తీసుకున్నాయి. ఆ దేశంలో 1857 వరకు స్పానిష్ డాలరు చట్టబద్ధంగా చెల్లుబాటు అయింది.

మన తీరానికి ఎలా చేరింది?

మన నేత వస్త్రాల కోసం వచ్చిందని ఒక్క మాటలో చెప్పవచ్చు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు తెచ్చే సరుకులకు ఇక్కడ గిరాకీ తక్కువ. ఇక్కడి అద్దకపు బట్టలకు, సన్నని నేతకు అక్కడ గిరాకీ ఎక్కువ. ఆ తేడాను వారు వెండితో, బంగారంతో పూడ్చవలసి వచ్చింది. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లో వర్తక స్థానం ఏర్పరచుకొన్నది. అంతకు ముందే డచ్చివారు అక్కడికి చేరి ఉన్నారు. పులికాట్ కూడా వారి ముఖ్య స్థావరమే. ఈ ఓడలలో పెట్టెలకొద్దీ వచ్చిన వెండిలో గణనీయమైన భాగం ఎనిమిది రియాళ్ళ నాణేలే.

రెండవ దారి తూర్పు నుండి వచ్చింది. 1565 నుండి 1815 వరకు మెక్సికో తీరంలోని అకపుల్కో నుండి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు స్పెయిన్ ఓడలు వెండి మోసేవి. చెన్నపట్నం వర్తకులు కోరమాండల్ బట్టలను మనీలాకు పంపి, బదులుగా ఆ వెండిని తెచ్చుకొనేవారు.

ఫ్రెంచివారు ఈ నాణేన్ని 'పియాస్త్రు' అనేవారు. వారి పుదుచ్చేరి టంకసాలకు 1736లో ఆర్కాటు నవాబు నుండి రూపాయలు ముద్రించే హక్కు లభించింది. ఓడలలో వచ్చిన వెండిని అక్కడ కరిగించి ఆర్కాటు రూపాయలుగా మార్చేవారు. యానాం వంటి ఫ్రెంచి స్థావరాలలో నేతగాళ్ళకు, వర్తకులకు చేరిన సొమ్ము వెనుక ఈ పియాస్త్రుల వెండి ఉన్నదని చెప్పటం అతిశయోక్తి కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. పరదేశపు నాణెం మన సంతలో యథాతథంగా చెల్లేది కాదు. షరాబు దాని వన్నె చూసి, బరువు తూచి, తరుగు తీసి విలువ కట్టేవాడు. ఆ పిదప అది టంకసాలకు వెళ్ళి రూపాయిగా మారిపోయేది. అందుకే కోట్లకొద్దీ డాలర్లు వచ్చినా, చెక్కుచెదరకుండా నేల నుండి బయటపడేవి తక్కువ. చెన్నపట్నం టంకసాల 1807 ప్రాంతంలో ముద్రించిన రెండు రూపాయల వెండి నాణేలలో కొన్ని నేరుగా స్పానిష్ డాలర్ల మీదనే అచ్చు కొట్టినవి. పర్షియన్ అక్షరాల అడుగున స్పెయిన్ రాజు ముఖపు రేఖలు, స్తంభపు జాడలు లీలగా కనిపించే నాణేలు ఉన్నాయి. అదే కాలపు అర పగోడా వెండి నాణెం మీద గోపురం బొమ్మ, చుక్కల నడుమ దేవుని బొమ్మ, తెలుగు, తమిళ అక్షరాలు ఉంటాయి. తెలుగు అక్షరాల వెండి నాణెం దొరికితే అది స్పెయిన్‌ది కాదు. అయినా దానిని తక్కువ చేసి చూడకూడదు.

మొట్టమొదట చేయకూడనివి

నాణెం దొరికిన గంటలోనే దాని విలువలో సగం పోగొట్టుకొనేవారు ఉన్నారు. కారణం శుభ్రం చేయటం.

చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఇటుకపొడి, పళ్ళపొడి, గిన్నెలు తోమే పొడి – వీటిలో దేనితోనూ తోమకండి. వెండి మీద ఏళ్ళ తరబడి ఏర్పడిన నల్లని పొర మురికి కాదు, నాణేనికి రక్షణ. సేకర్తలు దానినే ఇష్టపడతారు. తోమితే వచ్చే సన్నని గీతలు భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తాయి, వాటిని తొలగించటం అసాధ్యం. మట్టి అంటుకొని ఉంటే మంచినీటిలో కొంతసేపు నాననిచ్చి, మెత్తని బట్టపై ఆరబెట్టండి. రుద్దవద్దు.

గీటురాయి మీద గీయించవద్దు. ఆకురాయితో అంచు అరగదీయనివ్వవద్దు. ఆమ్లం చుక్క వేయనివ్వవద్దు. చెవి వేయించి మెడలో కట్టుకోవద్దు. శబ్దం వినటానికి బండ మీద పడవేయవద్దు.

నాణేన్ని అంచులతో పట్టుకొని, ఒక్కొక్కదానిని విడిగా తెల్ల కాగితపు కవరులో ఉంచండి. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో దీర్ఘకాలం ఉంచితే జిగట పట్టి పచ్చబడుతుంది. ఎక్కడ, ఎంత లోతులో, ఏ రోజున, కుండలోనా లేక విడిగానా దొరికిందో కాగితం మీద వ్రాసి పెట్టండి. కుండ పెంకులు ఉంటే వాటిని కూడా పారవేయకండి. దొరికిన స్థితి తెలిసిన నాణేనికి చరిత్రకారుల దృష్టిలో విలువ ఎక్కువ. ఆ వివరాలు తరువాత చట్టానికీ కావాలి.

బరువు, కొలత

నగల దుకాణపు ఎలక్ట్రానిక్ త్రాసు మీద గ్రాములలో తూయించండి. తులాలలో అడగవద్దు. పాత తులం 11.66 గ్రాములు, నేటి బజారు తులం 10 గ్రాములు. ఈ తేడాతోనే లెక్క తప్పుతుంది.

ఎనిమిది రియాళ్ళు: సుమారు 27 గ్రాములు, వ్యాసం 38 నుండి 40 మిల్లీమీటర్లు.
నాలుగు రియాళ్ళు: సుమారు 13.5 గ్రాములు.
రెండు రియాళ్ళు: సుమారు 6.8 గ్రాములు.
ఒక రియాలు: సుమారు 3.4 గ్రాములు.
అర రియాలు: సుమారు 1.7 గ్రాములు.

పోల్చుకోవటానికి, బ్రిటిషు ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. అరిగిన డాలరు 26.5 గ్రాములకు దిగవచ్చు. ఉప్పునేలలో లేదా సముద్రపు నీటిలో చాలాకాలం ఉన్నదైతే ఇంకా తగ్గవచ్చు. అచ్చు స్పష్టంగా, పైభాగం నున్నగా ఉండి కూడా బరువు 25 గ్రాములకు దిగువన ఉంటే అనుమానించాలి.

వెండి వన్నె కాలాన్ని బట్టి మారింది. తొలి కాలంలో వెయ్యికి 930 పాళ్ళు ఉండేది. 1728 సంస్కరణతో 917 పాళ్ళకు, 1772లో 903 పాళ్ళకు, 1786లో 896 పాళ్ళకు తగ్గింది. చివరి రెండు తగ్గింపులను స్పెయిన్ ప్రభుత్వం రహస్యంగా చేసింది.

మూడు రూపాలు – మూడు కాలాలు

మొదటిది చేతిముద్ర బిళ్ళ. కడ్డీ నుండి వెండి ముక్కను నరికి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో అచ్చు కొట్టినది. ఇది గుండ్రంగా ఉండదు, వంకర టింకరగా ఉంటుంది. సాధారణంగా ఒక వైపు సిలువ, దాని సందులలో కోటలు, సింహాలు కనిపిస్తాయి. రెండవ వైపు రాజముద్ర, లేదా అలల మీద స్తంభాలు. సంవత్సరం పూర్తిగా పడినవి తక్కువ. మెక్సికోలో ఈ పద్ధతి 1730ల ఆరంభంలో అంతరించగా పొటోసిలో 1773 వరకు సాగింది. ఆకారం చూసి 'విరిగిన వెండి ముక్క' అనుకొని కరిగించేవి ఎక్కువగా ఇవే.

రెండవది స్తంభాల డాలరు. మెక్సికోలో 1732లో యంత్రంతో ముద్రించటం మొదలైనప్పటి నుండి 1772 దాకా వచ్చినది. ఒక వైపు సముద్రపు అలల మీద రెండు భూగోళార్ధాలు, వాటిపై కిరీటం, అటూ ఇటూ కిరీటాలు గల రెండు స్తంభాలు ఉంటాయి. చుట్టూ 'ఉత్రాక్వే ఊనుమ్' అనే లాటిన్ మాటలు. రెండూ ఒక్కటే అని వాటి అర్థం. పాత, కొత్త ప్రపంచాలు రెండూ ఒక్క రాజువే అని చాటుకొనటం. స్తంభాలకు చుట్టిన పట్టీల మీద 'ప్లస్ ఉల్ట్రా', అనగా ఇంకా ఆవలకు, అనే మాటలు ఉంటాయి. రెండవ వైపు కోటలు, సింహాలు గల రాజముద్ర, చుట్టూ రాజు పేరు. దీనిపై రాజు ముఖం ఉండదు. అంచు మీద ఆకుల గొలుసు వంటి నగిషీ ఉంటుంది.

మూడవది ముఖం గల డాలరు. 1772 నుండి మెక్సికోలో 1821 వరకు, పొటోసిలో 1825 వరకు వచ్చినది. ఎక్కువగా దొరికేది ఇదే. ఒక వైపు కుడివైపు తిరిగిన రాజు ముఖం, తలపై ఆకుల దండ, చుట్టూ రాజు పేరు, తరువాత 'దేయి గ్రాతియా', అనగా దైవానుగ్రహం వలన, అనే మాటలు, కింద సంవత్సరం ఉంటాయి. రెండవ వైపు కిరీటం గల రాజముద్ర, అటూ ఇటూ స్తంభాలు. చుట్టూ 'హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్' అనే మాటలు. వీటి అర్థం స్పెయిన్‌కు, ఇండీస్‌కు రాజు అని. ఈ 'ఇండ్' అనే మాట చూసి ఇది మన దేశం కోసం ముద్రించినదని భ్రమపడేవారు ఉన్నారు. ఇక్కడ ఇండీస్ అంటే అమెరికాలోని స్పెయిన్ రాజ్యాలు. అంచు మీద ఒక వృత్తం, ఒక దీర్ఘచతురస్రం చొప్పున మార్చి మార్చి చెక్కినట్లు ఉంటుంది.

పేరు, సంవత్సరం, టంకసాల గుర్తు

లాటిన్ చదవటం రాకపోయినా పేర్లు కొన్నే కనుక గుర్తుపట్టవచ్చు. 'కరోలస్' పేరు తరువాత మూడు నిలువు గీతలు ఉంటే మూడవ చార్లెస్. ఆయన పాలించినది 1759 నుండి 1788 వరకు. నాలుగు నిలువు గీతలు గాని, ఒక గీత, పక్కన 'వి' అక్షరం గాని ఉంటే నాలుగవ చార్లెస్, 1788 నుండి 1808 వరకు. 'ఫెర్డిన్' అని ఉండి 'వి' పక్కన రెండు గీతలు ఉంటే ఏడవ ఫెర్డినాండు. ఆయన పేరు గల నాణేలు 1808 నుండి మొదలవుతాయి.

రాజు మరణవార్త సముద్రం దాటి, కొత్త అచ్చులు చేరేదాకా పాత అచ్చులే వాడేవారు. అందువలన 1789 నాణేలపై మూడవ చార్లెస్ ముఖం, నాలుగవ చార్లెస్ పేరు కలిసి ఉండటం సహజం. కాని 1795 సంవత్సరం వేసి మూడవ చార్లెస్ పేరు ఉన్నదంటే అది నకిలీ. పేరు, సంవత్సరం పొంతన చూడటం ఖర్చు లేని మొదటి పరీక్ష.

ముఖం గల నాణేనికి రెండవ వైపు అక్షరాల చివర టంకసాల గుర్తు, విలువ, వన్నెగాళ్ళ పేర్ల పొడి అక్షరాలు వరుసగా ఉంటాయి. ఇంగ్లీషు 'ఎం' అక్షరంపై చిన్న సున్నా ఉంటే మెక్సికో. 'పి', 'టి', 'ఎస్' అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే పొటోసి. లీమా అనే పేరులోని అక్షరాలు పెనవేసి ఉంటే పెరూ దేశపు లీమా. 'ఎన్', 'జి' ఉంటే గ్వాటెమాలా. 'ఎస్' పై చిన్న సున్నా ఉంటే చిలీలోని శాంటియాగో. తరువాత 8 అంకె, 'ఆర్' అక్షరం ఉంటే ఎనిమిది రియాళ్ళు.

వన్నెగాళ్ళ అక్షరాలు కూడా కాలాన్ని పట్టిస్తాయి. మెక్సికోలో 'ఎఫ్. ఎం.' 18వ శతాబ్ది చివరి భాగానికి, 'టి. హెచ్.' 19వ శతాబ్ది తొలి సంవత్సరాలకు, 'జె. జె.' మెక్సికో స్వాతంత్ర్యానికి ముందరి సంవత్సరాలకు చెందినవి. 1780 నాణెంపై 'టి. హెచ్.' కనిపిస్తే కొనవద్దు.

కొన్ని నాణేలపై చిన్న చిన్న గాట్లు, చైనా అక్షరాల వంటి ముద్రలు ఉంటాయి. చైనా వర్తకులు, ఇతర షరాబులు వన్నె పరీక్షించి వేసిన గుర్తులు ఇవి. నాణెం ప్రయాణించిన దారికి ఇవి సాక్ష్యం. వీటిని ప్రత్యేకంగా సేకరించేవారు ఉన్నారు.

అసలా, నకిలీయా?

అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. అంటుకోనంత మాత్రాన వెండి అని కూడా కాదు. ఇత్తడి, సీసం, జర్మన్ సిల్వరు కూడా అంటుకోవు.

ఇంట్లో చేయదగినది నీటి పరీక్ష. గ్రాములో నూరవ వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. ముందు పొడి నాణెం బరువు వ్రాసుకోండి. త్రాసుపై గ్లాసుతో నీరు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు గాని పక్కలకు గాని తగలకుండా పూర్తిగా నీటిలో మునిగేలా పట్టుకోండి. త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించండి. ఉదాహరణకు 27 గ్రాముల నాణేనికి త్రాసు 2.62 చూపితే భాగఫలం 10.3 వస్తుంది. అసలు స్పానిష్ డాలరుకు 10.2 నుండి 10.4 మధ్య రావాలి. 8.5 నుండి 9 లోపు వస్తే ఇత్తడి లేక జర్మన్ సిల్వరు. 11 దాటితే సీసం అనుమానం. సీసం, తగరం కలిపి ఈ అంకెకు దగ్గరగా తేవచ్చు కనుక ఈ ఒక్క పరీక్షతోనే నిశ్చయానికి రాకూడదు.

తరువాత అంచు చూడండి. అసలు నాణేనికి అంచు నగిషీని రెండు పట్టాల మధ్య దొర్లించి వేసేవారు. కనుక ఎదురెదురుగా రెండు చోట్ల నగిషీ ఒకదానిపై ఒకటి ఎక్కినట్లు ఉంటుంది. నకిలీలలో అంచు చుట్టూ పోత అతుకు గీత గాని, నగిషీ లేని నున్నదనం గాని, నేటి రూపాయి బిళ్ళ వంటి సన్నని గాట్లు గాని కనిపిస్తాయి. పోత నాణెం పైభాగంలో సూదిమొనల వంటి చిల్లులు, అక్షరాల అంచులలో మొద్దుతనం ఉంటాయి. దొరికిన పది నాణేలలో ప్రతిదానిపై ఒకే చోట ఒకే గాటు ఉంటే అన్నీ ఒకే పోతవి.

పట్టణాలలో హాల్‌మార్కు కేంద్రాలలో, పెద్ద నగల దుకాణాలలో కారట్ మీటరు ఉంటుంది. అది నాణేన్ని గీయకుండానే లోహాల పాళ్ళు చెబుతుంది. 900కు అటూ ఇటూ వెండి, మిగిలినది రాగి, స్వల్పంగా బంగారం, సీసం జాడలు కనిపిస్తే అది పాత వెండి లక్షణం. 999 అని వస్తే ఈ కాలపు వెండితో పోసిన ప్రతిరూపం కావచ్చు. వెండి పూత నాణేన్ని కూడా ఈ యంత్రం వెండిగానే చూపగలదు కనుక నీటి పరీక్షను దీనితో జత చేసి చూడాలి.

పోలికతో పొరబడే నాణేలు కొన్ని ఉన్నాయి. డేగ నోట పాము ఉంటే అది 1821 తరువాత స్వతంత్ర మెక్సికో ముద్రించినది. స్త్రీ ముఖం, 1780 సంవత్సరం ఉంటే ఆస్ట్రియా దేశపు మరియా థెరీసా నాణెం. దాని బరువు సుమారు 28 గ్రాములు. ఆ సంవత్సరాన్నే ఉంచి తరువాతి కాలంలో ఎన్నో చోట్ల ముద్రించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి టంకసాలలో కూడా ముద్రించారు. రాముడు, సీత, హనుమంతుడు ఉండి ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం గల బిళ్ళలను కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు.

ఏ పాత నాణేనికీ బియ్యపు గింజలను లాగే శక్తి లేదు. 'రైస్ పుల్లర్' పేరుతో లక్షలు ఆశచూపి, పరీక్ష ఖర్చులంటూ ముందుగా డబ్బు అడిగేవారు మోసగాళ్ళు. సరిహద్దు గ్రామాలలో ఈ ముఠాలు ఒక రాష్ట్రంలో మోసం చేసి మరొక రాష్ట్రంలోకి జారుకుంటాయి. పోలీసులకు చెప్పటమే మార్గం.

విలువ లెక్క

ముందుగా అట్టడుగు విలువ తెలుసుకోవాలి. అది లోహపు విలువ. 27 గ్రాముల, 903 వన్నె నాణెంలో సుమారు 24.4 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. ఆ రోజు పత్రికలోని వెండి ధరను గ్రాముకు తెచ్చి 24.4తో గుణించండి. లెక్క కోసం గ్రాము 100 రూపాయలు అనుకుంటే 2,440 రూపాయలు. అసలైన నాణేన్ని ఈ మొత్తానికి తక్కువగా ఎవరడిగినా ఇవ్వనవసరం లేదు.

దానిపై ఎంత వస్తుందన్నది నాలుగు విషయాలను బట్టి ఉంటుంది. ఒకటి, రూపం. ముఖం గల మెక్సికో డాలర్లు అత్యధికంగా ముద్రించినవి. అరిగినవాటికి వెండి విలువ కంటే కొంత మాత్రమే ఎక్కువ వస్తుంది. స్తంభాల డాలరుకు, సంవత్సరం స్పష్టంగా ఉన్న చేతిముద్ర బిళ్ళకు గిరాకీ ఎక్కువ. రెండు, టంకసాల, సంవత్సరం. గ్వాటెమాలా, శాంటియాగో నాణేలు మెక్సికో నాణేల కంటే అరుదు. మెక్సికో స్తంభాల డాలరులో మొదటి సంవత్సరమైన 1732ది అత్యంత అరుదు. అరుదైనదని చెప్పే నాణేలలోనే నకిలీలూ ఎక్కువ. మూడు, స్థితి. జుట్టు రేఖలు, సింహాల రూపం స్పష్టంగా ఉన్నదానికి, నున్నగా అరిగినదానికి మధ్య ధర అనేక రెట్లు మారుతుంది. రంధ్రం వేసినవి, చెవి అతికినవి, తోమినవి బాగా తగ్గుతాయి. మన ప్రాంతపు లంబాడీ కుటుంబాలలో, ఆదివాసీ కుటుంబాలలో నాణేల దండలు ధరించే ఆచారం ఉన్నది. దండలోని నాణేనికి విడిగా ధర తగ్గినా, పాత దండ మొత్తంగా ఒక కళాఖండం. దానిని విడదీసి అమ్మటం తెలివైన పని కాదు. నాలుగు, ఎక్కడ దొరికిందన్న ఆధారం.

ఇంటర్నెట్‌లో ఒకరు అడుగుతున్న ధర విలువ కాదు. వేలంపాటలో నిజంగా అమ్ముడుపోయిన ధరే విలువకు కొలమానం. అదే రూపం, అదే టంకసాల, దాదాపు అదే స్థితి గల నాణెం ఎంతకు పోయిందో మూడు నాలుగు వేలాల ఫలితాలు చూసి సగటు అంచనా వేసుకోండి. ఇంటింటికీ తిరిగి పాత నాణేలు కొనేవారికి మొదటి రోజునే అమ్మవద్దు. నాణేన్ని వారి చేతికిచ్చి 'చూపించి తెస్తాము' అన్న మాటకు ఒప్పుకోవద్దు. ఇరువైపులా, అంచు కూడా ఫోటోలు తీసి ఉంచుకోండి.

చట్టం ఏమంటున్నది?

తాతముత్తాతల నుండి పెట్టెలో వస్తున్న నాణెం మీ సొత్తు. నేలలో గాని, నేలకు అంటి ఉన్న గోడ వంటిదానిలో గాని దాచబడి బయటపడినది నిక్షేపం. ఈ రెండింటికీ చట్టం వేరు.

1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికినవారు ఆ జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలపాలి. ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి వ్రాయాలి. నిక్షేపాన్ని దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా కలెక్టరు కోరినప్పుడు చూపుతామని హామీ ఇవ్వాలి. ఆ పిదప కలెక్టరు ప్రకటన ఇచ్చి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా ఒక తేదీ నిర్ణయించి హక్కుదారులను పిలుస్తారు.

యజమాని ఎవరూ లేరని తేలితే, స్థల యజమాని హక్కు కోరనప్పుడు మొత్తం దొరికినవారికే చెందుతుంది. స్థల యజమాని కోరినప్పుడు, వారి మధ్య వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు కనుగొన్నవారికి, ఒక వంతు స్థల యజమానికి వెళుతుంది. రైతు పొలంలో గొయ్యి తవ్విన కూలీకి ఇరవై నాణేలు దొరికితే పదిహేను కూలీవి, అయిదు రైతువి. ఈ సంగతి చాలామంది కూలీలకు తెలియదు. ప్రభుత్వం నిక్షేపాన్ని తానే తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదింట ఒక వంతు కలిపి చెల్లిస్తుంది. తెలపకుండా దాచినవారు తమ వాటాను కోల్పోతారు. ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

రాష్ట్రాలు ఈ విషయంలో తమ తమ ఏర్పాట్లు చేసుకున్నాయి. కర్ణాటకకు 1962 నాటి ప్రత్యేక నిక్షేపాల చట్టం ఉన్నది. కనుక తహశీల్దారు కార్యాలయంలో మీ రాష్ట్రపు నియమం అడిగి తెలుసుకోవాలి. మన వంటి సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో ఉన్నప్పుడు నాణెం ఎక్కడ దొరికిందో ఆ జిల్లా కలెక్టరుకే తెలపాలి. ఇల్లు ఉన్న జిల్లాలో తెలిపితే సరిపోదు.

నూరేళ్ళు దాటిన ప్రతి నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దానిని దేశం దాటించటం నేరం. పురావస్తువుల వ్యాపారం చేయటానికి లైసెన్సు ఉండాలి. అమ్మదలచినవారు లైసెన్సు గల వర్తకునికి లేదా వేలం సంస్థకు రసీదు తీసుకొని అమ్మటం క్షేమం. విదేశాలలో ఉన్న బంధువుల ద్వారా పంపించి అమ్మించాలన్న ఆలోచన మానుకోండి.

ఎవరికి చూపించాలి?

రాష్ట్ర పురావస్తు శాఖ కార్యాలయం మొదటి చోటు. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం, హైదరాబాదులోని రాష్ట్ర మ్యూజియం, భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగాలకు ప్రసిద్ధి చెందినవి. వెళ్ళేటప్పుడు నాణెంతో పాటు బరువు, కొలత, దొరికిన వివరాలు వ్రాసిన కాగితం తీసుకొని వెళ్ళండి. చదివి చెప్పవలసినవారి పని సులువవుతుంది, మీకు స్పష్టమైన సమాధానం దొరుకుతుంది.

మన ప్రాంతంలో బయటపడే ప్రతి స్పానిష్ డాలరూ ఇక్కడి సాలెల మగ్గానికీ, సముద్రాల అవతలి గనికీ మధ్య నడిచిన వర్తకానికి సాక్ష్యం. కరిగిస్తే మిగిలేది రెండున్నర తులాల లోపు వెండి. కనుక తోమకముందు తూయండి, అమ్మకముందు చదవండి, దాచకముందు తెలపండి.